ఎలుకలు, సాలీళ్లు, ఒక తోటమాలి

(మన సంఘం వార్షిక సమావేశంలో, సాంస్కృతిక కార్యక్రమం సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



"అమ్మాయి దగ్గరికి ఇంగ్లండు వెళ్లొచ్చారు కదా, అక్కడి విశేషాలు ఓ అరగంట చెప్పండి" అని కార్యదర్శిగారు అడిగితే సరేనన్నాను. లండను రాజభవనం గురించో, మ్యూజియం గురించో చెబుతానని మీరు అనుకుని ఉంటారు. అవి మీలో చాలామంది చూసే ఉంటారు. నేను చెప్పబోయేది ఒక పాటల బృందం కథ. పేరు వింటే నవ్వుతారు. మొదట వాళ్లు 'ది రాట్స్', అంటే ఎలుకలు. తర్వాత వాళ్లలో కొందరు 'ది స్పైడర్స్ ఫ్రమ్ మార్స్' అయ్యారు, అంటే అంగారక గ్రహపు సాలీళ్లు. ఈ వయసులో ఈయనకు ఇదేం పిచ్చి అనుకోకండి. కాస్త ఓపిక పట్టండి. ఇది పాటల కథలా మొదలై ఉద్యోగుల కథగా ముగుస్తుంది.

మా అల్లుడు డాక్టరు. ఇంగ్లండు తూర్పు తీరంలో హల్ అనే రేవు పట్టణంలో ఉద్యోగం. 2019 వేసవిలో నేనూ, మా ఇంటావిడా అక్కడ మూడు నెలలు ఉన్నాం. ఊళ్లో అడుగుపెట్టగానే నా కంట పడినవి వీధుల్లో టెలిఫోను పెట్టెలు. ఇంగ్లండంతా అవి ఎర్రగా ఉంటాయి కదా, హల్‌లో మాత్రం మీగడ రంగు. ఎందుకో అని అడిగాను. బ్రిటన్ అంతటా టెలిఫోన్లు తపాలా శాఖ చేతిలో ఉన్న రోజుల్లో కూడా హల్ కార్పొరేషన్ తన ఎక్స్‌ఛేంజీని తానే నడుపుకుందట. మన శాఖవాడికి ఇంతకంటే ఏం కావాలి? ఆ ఊరు నాకు ఆ క్షణమే సొంత ఊరైపోయింది.

హల్ ప్రధానంగా చేపలవేట మీద బతికిన ఊరు. పెద్ద పెద్ద మరపడవలు ఐస్‌లాండు దాకా వేటకు వెళ్లేవి. 1968 జనవరి, ఫిబ్రవరి నెలల్లో కొద్ది వారాల వ్యవధిలోనే మూడు పడవలు మునిగి 58 మంది చనిపోయారు. బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా పార్లమెంటులో పోరాడిన విల్బర్‌ఫోర్స్ 1759లో పుట్టింది ఈ ఊళ్లోనే. కష్టం తెలిసిన ఊరు. ఆడంబరం లేని ఊరు. అలాంటి చోటునుంచి మొహాలకు రంగులు పూసుకుని, తళుకుల బట్టలు కట్టుకుని పాడే బృందం పుట్టిందంటే నమ్మబుద్ధి కాదు.

రోజూ పొద్దున్నే నేను ఈస్ట్ పార్కు అనే పెద్ద తోటలో నడిచేవాణ్ణి. 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవానికి తెరిచిన తోట అది. ఒకరోజు అక్కడ మనిషి కంటే ఎత్తైన గిటారు శిల్పం కనబడింది. ఎవరో పెద్ద విద్వాంసుడిదై ఉంటుందనుకున్నాను. పక్క బల్లమీద కూర్చున్న ఒక పెద్దాయన, ఆయనా పింఛనుదారుడే, "అది మా తోటమాలిది" అన్నాడు. పరాచికమేమో అనుకున్నాను. కాదు. ఆ తోటమాలి పేరు మిక్ రాన్సన్. హల్ కార్పొరేషన్ ఉద్యానవన శాఖలో ఉద్యోగి. ఆ శిల్పాన్ని 2017లో నెలకొల్పారు. ఆ ఏడాది హల్ బ్రిటన్ సాంస్కృతిక నగరంగా ఉంది. ఆ రోజునుంచి మా అమ్మాయి లైబ్రరీ కార్డు మీద ఆ బృందం గురించి దొరికిన పుస్తకమల్లా తెచ్చుకుని చదివాను. అక్కడ తెలుసుకున్నదే మీకు మనవి చేస్తున్నాను.

రాన్సన్ 1946 మే 26న హల్‌లో పుట్టాడు. చిన్నప్పుడు పియానో, వయొలిన్‌తోపాటు హార్మోనియం కూడా నేర్చుకున్నాడు. మీలో పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన రిక్రియేషన్ క్లబ్ నాటకాలకు హార్మోనియం వాయించింది నేనే. అందుకే ఆ మాట చదవగానే మనసు అక్కడ ఆగింది. పెద్దయ్యాక గిటారు పట్టి, ఇరవై ఏళ్లు రాకముందే అదృష్టం పరీక్షించుకుందామని లండన్ వెళ్లాడు. బతకడానికి మెకానిక్కు పని చేశాడు. సంగీతంలో నెగ్గుకురాలేక ఊరికి తిరిగొచ్చి, 1966లో 'ది రాట్స్'లో చేరాడు.

రాట్స్ అచ్చంగా లోకల్ బృందం. గాయకుడు బెన్నీ మార్షల్. రాన్సన్ రాకముందే వాళ్లవి చిన్న రికార్డులు వచ్చాయి గాని పేరు రాలేదు. క్లబ్బుల్లో, నాట్యశాలల్లో వాయించేవారు. 1967లో ఊరి దగ్గరి స్టూడియోలో ఒక పాట రికార్డు చేశారు. 'బెర్నీ గ్రిపుల్‌స్టోన్ ఉత్థాన పతనాలు' అని దాని పేరుకు అర్థం చెప్పుకోవచ్చు. ఆ రోజుల్లో అది విడుదల కూడా కాలేదు. ఇలా వాయిస్తూ పోతే ఇల్లు గడవదని రాన్సన్ కార్పొరేషన్ తోటపనిలో చేరాడు. పగలు గడ్డి కోయడం, రాత్రి గిటారు.

1970 మొదట్లో, అతను ఒక రగ్బీ మైదానంలో గీతలు గీస్తూ ఉండగా పాత స్నేహితుడొకడు వెతుక్కుంటూ వచ్చాడు. పేరు జాన్ కేంబ్రిడ్జ్. అంతకుముందు రాట్స్‌లోనే డ్రమ్స్ వాయించి లండన్ వెళ్లినవాడు. "డేవిడ్ బోవీ అనే గాయకుడికి గిటారు వాయించేవాడు కావాలి, వస్తావా?" అని అడిగాడు. రాన్సన్ తటపటాయించాడు. ఒకసారి లండన్‌లో చేతులు కాల్చుకున్నవాడు కదా. మనమైతే ఏం చేసేవాళ్లం? కార్పొరేషన్ ఉద్యోగం, నెల తిరిగేసరికి జీతం, ఇదంతా వదిలి ఎవరో పాటగాడి వెంట వెళ్తానంటే మన నాన్నగారు ఏమనేవారో ఊహించుకోండి. చివరికి రాన్సన్ వెళ్లాడు. ఫిబ్రవరి 5న బి.బి.సి. రేడియో కార్యక్రమం రికార్డింగులో బోవీ పక్కన కూర్చుని వాయించాడు.

అదే నెల 22న లండన్ రౌండ్‌హౌస్‌లో 'హైప్' అనే పేరుతో ఒక ప్రదర్శన ఇచ్చారు. ఇంటి ఆడవాళ్లు కుట్టిపెట్టిన వేషాలు వేసుకుని నలుగురూ ఎక్కారు. బోవీ ఇంద్రధనుస్సు మనిషి, బాస్ గిటారు టోనీ విస్కాంటి ఆకాశంలో ఎగిరే వీరుడు, కేంబ్రిడ్జ్ కౌబాయ్, రాన్సన్ గ్యాంగ్‌స్టర్. గ్లామ్ రాక్ అనే సంగీత ధోరణికి ఇదే మొదటి ప్రదర్శన అని చాలామంది చెబుతారు. గ్లామ్ రాక్ అంటే ఏమిటని అడుగుతారేమో. 1970ల మొదట్లో ఇంగ్లండులో మగవాళ్లు మెరిసే బట్టలు, ఎత్తు మడమల బూట్లు, కళ్లకు కాటుక, పెదవులకు రంగు వేసుకుని, గిటారు సంగీతాన్ని నాటకంలాగా ఆడిన పద్ధతి. ఆ దేశం నివ్వెరపోయింది. మనకు మాత్రం ఇందులో వింతేముంది? స్థానం నరసింహారావుగారు సత్యభామగా రంగస్థలం మీదికి వస్తే ముత్తయిదువలే ఆ నడక చూసి నేర్చుకున్నారని మా నాన్నగారు చెప్పేవారు. ఆయనకు 1956లో పద్మశ్రీ ఇచ్చి గౌరవించుకున్నాం. వేషం వేస్తే మగతనం పోదని మన పల్లెటూరి ప్రేక్షకుడికి ఎప్పుడో తెలుసు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. రాన్సన్‌ను వెతికి తెచ్చిన కేంబ్రిడ్జ్ ఆ తర్వాత కొద్ది వారాలకే బృందంలో లేకుండా పోయాడు. ఒక పాటకు డ్రమ్స్ సరిగ్గా కుదరలేదట. అతని స్థానంలో హల్ ప్రాంతం నుంచే వుడీ వుడ్‌మాన్సీ వచ్చాడు. రాట్స్‌లో కేంబ్రిడ్జ్ తర్వాత డ్రమ్స్ వాయించినవాడూ అతనే. దగ్గర్లోని డ్రిఫీల్డ్ అనే చిన్న ఊరి వాడు, కళ్లద్దాల ఫ్యాక్టరీలో పని. ఫోర్‌మన్‌కు సహాయకుడిగా ప్రమోషన్ ఇస్తామని ఫ్యాక్టరీ వాళ్లు అన్న సమయంలోనే బోవీ దగ్గరనుంచి ఫోను వచ్చిందని అతనే రాసుకున్నాడు. ప్రమోషనా, పాటా? పాటే అనుకున్నాడు.

దారి నేరుగా సాగలేదు. ఒక ఆల్బమ్ అయ్యాక రాన్సన్, వుడీ హల్‌కు తిరిగొచ్చేశారు. పాత గాయకుడు బెన్నీ మార్షల్‌ను కలుపుకుని 'రోనో' అనే బృందం పెట్టారు. బాస్ గిటారుకు ట్రెవర్ బోల్డర్ అనే ఇంకో హల్ కుర్రాణ్ణి తెచ్చుకున్నారు. 1971లో వాళ్ల రికార్డు ఒకటి వచ్చింది. ఎవరూ కొనలేదు. అంతలో బోవీ మళ్లీ పిలిచాడు. రాన్సన్, వుడీ, బోల్డర్ ముగ్గురూ వెళ్లారు. బెన్నీ మార్షల్ వెళ్లలేదు. బోవీ తానే గాయకుడు కదా.

ఆ ముగ్గురే అంగారక గ్రహపు సాలీళ్లు. 1971 డిసెంబరులో 'హంకీ డోరీ', 1972 జూన్‌లో జిగ్గీ స్టార్‌డస్ట్ ఆల్బమ్ వచ్చాయి. జిగ్గీ అనేది బోవీ వేసిన పాత్ర. భూమ్మీదికి వచ్చిన ఒక రాక్ గాయకుడి ఉత్థాన పతనాలే ఆ ఆల్బమ్ పేరులో ఉన్నాయి. బెర్నీ గ్రిపుల్‌స్టోన్ ఉత్థాన పతనాలు గుర్తొచ్చి నేను నవ్వుకున్నాను. ఎర్రజుట్టు బోవీది. ఆ పాటలకు వయొలిన్లు ఎక్కడ రావాలో, గిటారు ఎక్కడ లేవాలో స్వరలిపిలో రాసి కూర్చిపెట్టింది రాన్సన్. 'లైఫ్ ఆన్ మార్స్?' అనే పాటలో తీగవాద్యాల కూర్పు అతనిదే. అదే ఏడాది లూ రీడ్ అనే అమెరికా గాయకుడి 'ట్రాన్స్‌ఫార్మర్' ఆల్బమ్‌కు బోవీతో కలిసి నిర్మాతగానూ పనిచేశాడు.

వేషాల మాట వచ్చేసరికి మొదట్లో పెద్ద గొడవే అయింది. ఈ బట్టలు నేను వేసుకోనని రాన్సన్ పెట్టె సర్దుకుని రైల్వే స్టేషనుకు వెళ్లిపోతే, నచ్చజెప్పి వెనక్కు తీసుకురావడానికి తనను పంపారని వుడీ చెప్పుకున్నాడు. కొన్నాళ్లకు ఆడపిల్లలు అభిమానంగా చూడటం మొదలయ్యేసరికి రంగు డబ్బాల కోసం వాళ్లలో వాళ్లే పోట్లాడుకున్నారట. బోల్డర్ చెంపల మీది వెంట్రుకలకు వెండిరంగు కొట్టుకునేవాడు. 1972 జూలై 6న 'టాప్ ఆఫ్ ది పాప్స్' అనే టెలివిజన్ కార్యక్రమంలో 'స్టార్‌మాన్' పాడుతూ బోవీ రాన్సన్ భుజం మీద చెయ్యి వేశాడు. మనకు శుక్రవారం చిత్రలహరి ఎలాగో వాళ్లకు గురువారం ఆ కార్యక్రమం అలాగ. తెల్లారేసరికి దేశమంతా అదే మాట. ఫిబ్రవరిలో ఊరి చివరి సారాయంగడిలో ఆడిన బృందం సెప్టెంబరుకు అమెరికాలో ఉంది. మరుసటి ఏప్రిల్‌కు జపాన్‌లో ఉంది.

ఇక మన కథ. అమెరికాలో వాళ్లతో మైక్ గార్సన్ అనే పియానో విద్వాంసుడు చేరాడు. గొప్ప వాద్యకారుడు. మాటల్లో మాటగా అతని జీతం ఎంతో బయటపడింది. మొదటినుంచీ ఉన్న సాలీళ్ల జీతానికి అది ఎన్నో రెట్లు. మనం యూనియన్‌లో పనిచేసినవాళ్లం. ఒకే పని, ఒకే వేదిక, రెండు రకాల జీతాలు అంటే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. బోల్డర్, వుడీ గట్టిగా అడిగారు. రాన్సన్‌కు విడిగా గాయకుణ్ణి చేస్తామని మేనేజరు ఆశ చూపించాడు. ముగ్గురి మాట ఒక్కటి కాకుండా పోయింది.

1973 జూలై 3, లండన్ హ్యామర్‌స్మిత్ ఓడియన్ హాలు. పర్యటనలో చివరి ప్రదర్శన. ఆఖరి పాటకు ముందు బోవీ మైకు ముందుకు వచ్చి, ఇది ఈ పర్యటనలోనే కాదు, మేము చేసే చివరి ప్రదర్శన అన్నాడు. జనం గగ్గోలు పెట్టారు. ఆ సంగతి రాన్సన్‌కు ముందే తెలుసు. వెనక డ్రమ్స్ ముందు కూర్చున్న వుడీకీ, పక్కన నిలబడ్డ బోల్డర్‌కూ తెలియదు. తమ కొలువు పోయిందని వాళ్లు ప్రేక్షకులతోపాటు విన్నారు. నోటీసు లేదు, సంజాయిషీ లేదు. పాట మిగిలి ఉంది కాబట్టి వాయించారు. కొద్ది రోజులకు వుడీ పెళ్లి జరిగింది. తరువాతి ఆల్బమ్‌కు నువ్వు అక్కర్లేదని పెళ్లి రోజునే అతనికి ఫోను వచ్చింది.

ఈ పేజీ చదివి నేను పుస్తకం మూసేశాను. మా ఇంటావిడ ఏమిటని అడిగితే ఏమీ లేదన్నాను. ఏముందో మీకు చెబుతాను.

1984లో మన క్లబ్ నాటకం సర్కిల్ పోటీలకు ఎంపికైంది. నేను నాటక విభాగం కార్యదర్శిని. మనకు పదేళ్లుగా తబలా వాయిస్తున్నది ఒక లైన్‌మన్. పగలంతా స్తంభాలెక్కి వచ్చి, రాత్రి రిహార్సలుకు అందరికంటే ముందు కూర్చునేవాడు. పోటీలు కదా, వాద్యానికి బయటివాళ్లను పెట్టుకోవచ్చన్నారు కదా అని నేను పట్నం నుంచి పేరున్న తబలా విద్వాంసుణ్ణి డబ్బిచ్చి మాట్లాడాను. మనవాడికి ఆ మాట చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని వాయిదా వేశాను. ప్రదర్శన రోజు అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, తబలా సంచీతో హాలుకు వచ్చాడు. వేదిక పక్కన ఇంకొకరు తబలా శ్రుతి చేసుకుంటున్నారు. నావైపు ఒకసారి చూశాడు. సంచీ కుర్చీ కింద పెట్టి, చివరి వరుసలో కూర్చుని నాటకమంతా చూశాడు. మనకు రెండో బహుమతి వచ్చింది. చప్పట్లు కొట్టినవాళ్లలో అతనూ ఉన్నాడు. ఆ తర్వాత రిహార్సల్సుకు రాలేదు. నేనూ వెళ్లి పిలవలేదు. రిటైరైన రెండేళ్లకు పోయాడని తెలిసింది. పద్యానికి వన్స్‌మోర్ కొట్టే జనం హార్మోనియం వాయించేవాడివైపు చూడరని జీవితమంతా బాధపడ్డవాణ్ణి నేను. నేనే అలా చేశాను.

ఇక సాలీళ్ల సంగతి చెప్పి ముగిస్తాను. బోల్డర్, వుడీ 1976లో అదే పేరుతో వేరే గాయకుడితో ఒక ఆల్బమ్ చేశారు. అది ఆడలేదు. బోల్డర్ 'యురియా హీప్' అనే బృందంలో చేరి, మధ్యలో కొద్దికాలం తప్ప, జీవితాంతం అందులోనే పనిచేశాడు. 2013 మే 21న కన్నుమూశాడు. రాన్సన్ విడిగా పాడి పెద్ద గాయకుడు కాలేకపోయాడు గాని, ఎందరి పాటలకో ప్రాణం పోశాడు. బాబ్ డిలన్ బృందంతో 1975లో అమెరికా తిరిగాడు. కాలేయ క్యాన్సర్ వచ్చాక కూడా పని మానలేదు. 1992 ఏప్రిల్‌లో లండన్ వెంబ్లీ మైదానంలో ఫ్రెడ్డీ మెర్క్యురీ సంస్మరణ సభలో బోవీ, అతను మళ్లీ ఒకే వేదిక మీద నిలబడ్డారు. బోవీ కొత్త ఆల్బమ్‌లో ఒక పాటకు గిటారు వాయించాడు. అది 1993 ఏప్రిల్‌లో విడుదలైంది. ఆ నెల 29న రాన్సన్ పోయాడు. వయసు 46. మరుసటి ఏడాది వచ్చిన అతని చివరి ఆల్బమ్ పేరు 'హెవెన్ అండ్ హల్'. స్వర్గం పక్కన తన ఊరి పేరే పెట్టుకున్నాడు. అదే ఏడాది హ్యామర్‌స్మిత్‌లో జరిగిన సంస్మరణ ప్రదర్శనలో బోల్డర్, వుడీ వాయించారు. ఇరవై ఏళ్ల కిందట తమ కొలువు పోయిందని విన్న ఆ హాల్లోనే. 2016 జనవరి 10న బోవీ కూడా పోయాక, ఆ నలుగురిలో మిగిలింది వుడీ ఒక్కడే.

రాన్సన్‌కూ బోవీకీ ఆ చివరి రెండేళ్లు దొరికాయి. వాళ్ల మధ్య ఏ మాటలు జరిగాయో మనకు అనవసరం. కలిసి ఒక పాట వాయించారు, అది చాలు. నాకు ఆ అవకాశం పోయింది. పోయినవాడికి క్షమాపణ చెప్పడానికి ఏ ఎక్స్‌ఛేంజీలోనూ లైను లేదు.

అందుచేత ఈ సభలో రెండు మనవులు. మొదటిది, ఈసారి ప్రత్యేక సంచికలో మన క్లబ్ నాటకాల ఫోటోలు వేస్తున్నారని విన్నాను. ఫోటో కింద రాజు వేషం వేసినవారి పేరుతో ఆపకండి. తబలా, హార్మోనియం, తెర లాగినవారు, రంగు పూసినవారు, అందరి పేర్లూ వేయండి. ఎవరెవరో గుర్తుపట్టడానికి నేను వచ్చి కూర్చుంటాను. మా తబలా లైన్‌మన్ పేరు మాత్రం నేనే నా చేత్తో రాసిస్తాను. రెండోది, మీలో ఎవరైనా ఎవరికైనా చెప్పవలసిన మాట చెప్పకుండా ఉండిపోయి ఉంటే, ఆ మనిషి ఇంకా ఉంటే, ఇవాళ సాయంత్రమే ఫోను చేయండి. ముప్పై, నలభై ఏళ్లు ఊళ్లోవాళ్లందరినీ కలిపినవాళ్లం. మనకు అది చేతకాని పని కాదు.